శ్రోత చెవి – వాచకుని గొంతు

వానలు మొగము చాటువేసినపుడు విరాటపర్వము చదివించుట రాయలసీమ పల్లెలలో తరతరముల ఆచారము. ధర్మరాజు నివసించు దేశమున వానలు సకాలమున కురియుననియు, పైరులు చక్కగా పండుననియు భీష్ముడు చెప్పు ఘట్టము ఆ పర్వమునందున్నది. ఆ నమ్మకముతోనే ఊరివారు గుడి మంటపములోనో, చావడిలోనో కూడి తిక్కన పద్యములను చదివించుకొనెడివారు. ఒకరు పద్యము చదువుదురు. మరియొకరు అర్థము చెప్పుదురు. వినువారిలో పెక్కుమంది అక్షరము రానివారు. అయినను పద్యమును విరువరానిచోట విరిచినచో వారి చెవి పట్టుకొనును. అర్థము చెప్పువాడు కథను విడిచి తన పాండిత్యమును చాటుకొన్నచో వారు ఆవులింతురు. వాన కురిసినను, కురియకున్నను, చదివిన గొంతునుగూర్చి ఊరి తీర్పు మరునాటి ఉదయమునకు బావికడ వెలువడెడిది.

అనంతపురము జిల్లాలో కర్ణాటక సరిహద్దున నున్న కుందుర్పి ఆ నేలలోనిదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్ల మాత్రమే వాన కురియు జిల్లా అది. పడమటి కనుమలు నైరుతి మేఘములను ముందుగానే పిండుకొనును; సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు అచ్చటికి సన్నగిల్లి చేరును. కొండమీద పాతకోట, క్రింద వేరుసెనగ చేలు, ఇంట తెలుగు, సంతలో తెలుగును కన్నడమును. వాన తప్పిన ఏట పనికై బెంగళూరు పోవు బస్సు – ఇది అచ్చటి బ్రతుకు.

ఇప్పుడు ఆ శ్రోతలకు మంటపము అక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. నవలను గాని కథాసంపుటిని గాని ఒకరు ఆసాంతము చదివి ధ్వనిముద్రణము చేసినచో అది శ్రవ్యపుస్తకము. వాడుకలో ఆడియో బుక్కు. అట్లు చదివినవారిని వాచకులనవచ్చును. తెలుగులో దాసుభాషితం వంటి సంస్థలు పెక్కు గ్రంథములను ఈ రూపమునకు తెచ్చినవి. హర్షణీయం వంటి పాడ్‌కాస్టులు కథలను వినిపించినవి. వీనిని వినువారెవరు? వేరుసెనగకాయలు ఒలుచుచు కూర్చున్న ఇల్లాలు, బెంగళూరులో రాత్రి కాపలా కాయుచు మేలుకొనియున్న పల్లెపడుచువాడు, కల్యాణదుర్గము బస్సులో కూర్చున్న ఉపాధ్యాయిని, చూపు మందగించిన పింఛనుదారు. వీరి కన్నులకో చేతులకో తీరిక లేదు. చెవికి మాత్రమే తీరిక. అట్టి శ్రోత వాచకునినుండి ఏమి కోరుననునది చిన్నప్రశ్నగా తోచవచ్చును. కాని ఈ కరవునేల కథలు ఈ నేలవారికి చేరునా, చేరవా అనునది దాని సమాధానముపై కొంత ఆధారపడియున్నది.

శ్రోత మొదటి కోరిక, వాచకుడు కథకు అడ్డము రాకుండుట. శ్రవ్యపుస్తకములలో తరచుగా వినవచ్చు దోషము అతినటన. మగవాచకుడు స్త్రీ పాత్ర రాగానే గొంతు సన్నము చేయును. ముసలివాడు పలుకగానే దగ్గు తెచ్చుకొనును. దుఃఖఘట్టమున పాత్రకంటె ముందుగా తానే వెక్కివెక్కి యేడ్చును. వినువానికి కథ వినబడదు, వాచకుని కష్టమే వినబడును.

దీనికి మూలము, చదువుటకును నాటకమునకును గల భేదమును మరచుట. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతి నవల ఆ కేంద్రమునుండి నాటకరూపమున వెలువడి, నండూరి సుబ్బారావు మొదలగు కళాకారుల గొంతులతో తెలుగిండ్లలో నవ్వులు పూయించినది. అది నాటకము. అందు పాత్రకొక నటుడుండును. వర్ణనలు తొలగి సంభాషణలు నిలుచును. పుస్తకమునందో సంభాషణకు ముందును వెనుకను రచయిత మాట్లాడుచునే యుండును. ఆ మాట్లాడు రచయిత గొంతే పుస్తకమునకు ప్రాణము. వాచకుడు మొదట పట్టుకొనవలసినది ఆ గొంతును. పాత్రల గొంతులు దాని లోపలివి.

తోలుబొమ్మలాటలో ఒక్కరే పెక్కు పాత్రలకు గొంతు మార్చి పలుకుట లేదా యని అడుగవచ్చును. నిమ్మలకుంట కళాకారులు ఆ విద్యను నేటికిని నిలుపుచున్నారు; వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కాని అచ్చట తెరమీద బొమ్మ కదలును. కేతిగాని వంకరమాటకు కేతిగాని వంకరరూపము తోడుండును. శ్రవ్యపుస్తకమున తెర లేదు. బొమ్మ శ్రోత మనస్సులో నున్నది. దానిని అతడే కోసికొని, అతడే రంగు వేసికొనును. వాచకుడు తన బొమ్మను తెచ్చి దాని నెత్తిన పెట్టినచో శ్రోతబొమ్మ చిరిగిపోవును. ఈ చర్చ కొత్తదియు కాదు. 1930 తరువాతి దశకమున అమెరికాలోను, ఇంగ్లండులోను అంధుల నిమిత్తము గ్రామఫోను పలకలపై పుస్తకములు చదివించుట మొదలైన నాటినుండియు, వాచకుడు ఎంతవరకు నటింపవచ్చునను వాదము సాగుచునే యున్నది.

నటింపవలదనుట నిర్జీవముగా చదువుమనుట కాదు. తెలుగు వాక్యమున క్రియ సాధారణముగా చివర నుండును. అది వచ్చువరకు అర్థము ముడిపడదు. కావున వాచకుని కన్ను నోటికంటె నాలుగు మాటలు ముందు నడువవలెను. లేనిచో ఊపిరి అందనిచోట ఆగి, కర్తను ఒక ఒడ్డునను క్రియను మరియొక ఒడ్డునను వదలివేయును. ఇక మన భాషలోని చిన్న ప్రత్యయములు పెద్ద పనులు చేయును. “వాన వొస్తాదిలే” యను మాటను తీసికొనుడు. భర్తను ఓదార్చు ఇల్లాలు అన్నచో అది ఆశ. అప్పు ఈయని షావుకారు అన్నచో ఎత్తిపొడుపు. మూడేండ్లు విత్తనము పోగొట్టుకొన్న సేద్యగాడు తనలో తాననుకొన్నచో అది ఆశయు కాదు, నిరాశయు కాదు. మూడింటికిని అచ్చులో అక్షరములొక్కటే. ఏది ఏదియో కథ మొత్తము చదివి, ఆలోచించి, ఆపై నోరు తెరచినవానికే తెలియును.

యంత్రము చదువు గొంతులు ఇప్పుడు విరివిగా వచ్చినవి. వానిని తిట్టుట సులభము, కాని న్యాయము కాదు. రేపటి పరీక్షకు ఈ రాత్రి పాఠము వినవలసిన అంధవిద్యార్థికి యంత్రపు గొంతు వరమే. సమాచారమునకు అది చాలును. కథకు చాలునా? పైన చెప్పిన మూడు “వొస్తాదిలే”ల మధ్య భేదమును అది నిలుపగలిగిన దినమున ఆ ప్రశ్నను మరల ఆలోచింపవచ్చును. అందాక, నటించు మనుష్యునికిని నటింపలేని యంత్రమునకును నడుమ, కథను అర్థము చేసికొని తగ్గి చదువు మనుష్యునినే శ్రోత కోరును.

రెండవ కోరిక మాండలికమును గూర్చినది. కుందుర్పివంటి ఊరి శ్రోతకు ఇది మరింత గట్టిగా తగులును. ఈ కరవుసీమ బ్రతుకును కథలలోను నవలలలోను నిలిపిన రచయితలు తక్కువవారు కారు. సింగమనేని నారాయణ (1943–2021) కథలలో అప్పులపాలగు రైతు కలడు. చిలుకూరి దేవపుత్ర నవల పంచమమున దళితుల బ్రతుకు కలదు. బండి నారాయణస్వామి నవల శప్తభూమికి 2019వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. సీమ రచయితల పుటలలో పలుకుబడి అలంకారము కాదు. అది పాత్రల ఊపిరి.

అట్టి కథను చదువునపుడు వాచకులు రెండు విధముల తప్పుదురు. కొందరు “యాడికి పోతాండావు” అనుదానిని అచ్చమైన పాఠ్యపుస్తకపు పలుకుగా చదునుచేయుదురు. కొందరు దానిని సినిమా యాసగా ఉబ్బించెదరు. రెండవది మొదటిదానికంటె హానికరము. 1999లో వచ్చిన సమరసింహారెడ్డి తరువాత ముఠాకక్షల చిత్రములు వరుసగా వెలువడి, సీమ పలుకనగా తొడగొట్టుట, కేకవేయుట యను భ్రమను నాటినవి. బోరుబావిలో నీరు పడలేదని భార్యతో మెల్లగా చెప్పు రైతుమాటను ఆ కేకతో చదివినచో అది హాస్యమగును. తన తండ్రి మాట్లాడు మాట పుస్తకమునందు చోటు సంపాదించినదని సంతసింపవలసిన విద్యార్థి, ఆ గొంతు విని తలవంచుకొనును. నష్టము ఇచ్చట ఉచ్చారణకు మాత్రమే కాదు, పిల్లవాని ఆత్మగౌరవమునకును.

అట్లని సీమకథను సీమవాడే చదువవలెనని కట్టడి చేయుట తగదు. కోస్తావాడు శ్రద్ధతో నేర్చి చక్కగా చదువవచ్చును. సీమలో పుట్టినవాడు సిగ్గుపడి పలుకును దాచుకొనవచ్చును. కావలసినది పుట్టుక కాదు, పరిశ్రమ. తెలియని మాట వచ్చినపుడు ఆ ఊరివారిని అడిగి తెలిసికొనుట వాచకుని విధి. అయినను ఈ నేలనుండి వాచకులు తగినంతమంది రావలసియున్నదనుట సత్యము. ఈ ప్రాంతమునకు గొంతుల కొరత ఎన్నడును లేదు. సహజాభినయమునకు పేరుపొందిన బళ్లారి రాఘవ (1880–1946) తాడిపత్రిలో పుట్టి, తెలుగు కన్నడ ఆంగ్లములలో నటించి మెప్పించినవాడు. సరిహద్దున పుట్టినవానికి రెండు భాషల చెవి సహజముగా నబ్బును. అది లోపము కాదు, పెట్టుబడి.

ఉపాధ్యాయులలో కొందరికి ఒక సందేహము కలదు: వినుట మరిగిన పిల్లలు చదువుట మానరా? సందేహము నిరాధారము కాదు. చెవితో వర్ణక్రమము పట్టుబడదు. వత్తును, దీర్ఘమును కన్నే నేర్పవలెను. కావున శ్రవ్యపుస్తకము వాచకమునకు బదులు కానేరదు. కాని వినుట సాహిత్యమునకు పరాయిది యనుట చరిత్రకు విరుద్ధము. అక్షరము రాని పల్లె భారతమును చెవితోనే దక్కించుకొన్నది. గణపతి రచించిన చిలకమర్తివారు దృష్టి మందగించి, తుదకు చూపు పూర్తిగా పోగా, తాము చెప్పుచు ఇతరులచే వ్రాయించిరి. చెప్పబడి పుట్టిన రచనను వినుట దోషమెట్లగును?

చూపు లేనివారి విషయము మరింత ముఖ్యము. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనుగొని, 1878లో దాని ఉపయోగములను పేర్కొనుచు, అంధులకు పుస్తకములు చదివి వినిపించుటను అందు చేర్చెను. మన దేశమున 2012 నాటి గ్రంథస్వామ్య చట్టసవరణ, చూపు లేనివారికి అందుబాటగు రూపములలో పుస్తకములు తయారుచేయుటకు వీలు కలిగించినది. 2013లో కుదిరిన మరాకెష్ ఒడంబడికను 2014లో మొట్టమొదట ధ్రువపరచిన దేశము భారతదేశమే. చట్టము తలుపు తెరచినది. ఆ తలుపునుండి లోనికి పోవలసిన తెలుగు గొంతులే ఇంకను చాలవు.

ఆ గొంతులు ఎచ్చట తయారగును? స్టూడియోలో కాదు, తరగతిలో. వారమునకొక్క గంట ఉపాధ్యాయుడు ఒక కథను పరీక్షతో పనిలేకుండ బిగ్గరగా చదువవలెను. పిమ్మట విద్యార్థులచే చదివించవలెను. ఒకే పేరాను ఇద్దరిచే చదివించి, ఎవరి చదువులో కథ వినబడినది, ఎవరి చదువులో మనిషి వినబడినాడు అని తరగతినే అడుగవలెను. అంతకుమించిన విమర్శపాఠము లేదు. గ్రంథస్వామ్యపు భయమును అక్కరలేదు. రచయిత మరణించిన మరుసటి సంవత్సరము మొదలు 60 సంవత్సరములు గడచిన రచనలను ఎవరైనను చదివి ముద్రించుకొనవచ్చును. 1915లో మరణించిన గురజాడ 1910 నాటి దిద్దుబాటును, చిలకమర్తివారి గణపతిని ఈనాడు ఏ బడిపిల్లవాడైనను ఫోనులో చదివి, చూపు లేని తాతకు వినిపింపవచ్చును. ఈ కాలపు రచయితల కథలకైనచో అనుమతి అడుగుట మర్యాదయు, చట్టమును.

మాండలికపు కథ వచ్చినపుడు మాత్రము ఉపాధ్యాయుడు ఒక మెట్టు దిగి, విద్యార్థిని ఒక మెట్టు ఎక్కింపవలెను. “ఈ మాటను మీ అవ్వ ఎట్లు పలుకును?” అని అడిగినచో, అంతవరకు వెనుక బల్లమీద మాటలేక కూర్చున్న కుందుర్పి పిల్ల ఆనాటికి తరగతికి గురువగును. ఆమె పలుకును నవ్వక విని, దానినే ప్రమాణముగా గైకొన్న తరగతినుండి రేపటి వాచకురాలు బయలుదేరును.

విరాటపర్వము చదివించిన పెద్దలకు ధ్వనిముద్రణము తెలియదు. కాని చదువువాడు పద్యమునకు సేవకుడనియు, వినువాడు దానికి న్యాయాధిపతియనియు వారికి తెలియును. ఆనాటి మంటపపు శ్రోతకు పుస్తకము విప్పు అక్షరము లేదు. ఈనాటి బస్సులోని శ్రోతకు పుస్తకము విప్పు తీరిక లేదు. ఇద్దరును నమ్మినది ఎదుటివాని గొంతునే. ఆ నమ్మకమును నిలుపుకొనుటకు వాచకునికి గొప్ప కంఠము కంటె కథపై గౌరవము, పలుకుపై శ్రద్ధ, తన్ను తాను తగ్గించుకొను వినయము కావలెను. ఈ మూడింటిని నేర్పుటకు తెలుగు ఉపాధ్యాయునికంటె తగినవారు వేరొకరు లేరు.