మ్యాపులో మాయమైన వాడ
మదనపల్లె, పుంగనూరు, కుప్పం అని మండలానికో రంగు పూసిన మ్యాపు చూసి మురిసిపోకండి. ఆ ఒక్క రంగు కింద ఊరి లెక్కలో దళితవాడ లెక్క మునిగిపోతుంది. బయట కలవనివ్వనోళ్లు సగటులో మాత్రం భలే కలిపేస్తారు!

గ్రాఫు మనమే గీద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో మన చేతిలోని సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. రెండు కడ్డీలూ పక్కపక్కనే, సున్నా నుంచే లేవాలి. మధ్యలో మొదలుపెడితే తేడా ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. మన పక్షాన గీసినా అది మోసమే.

1900లో డుబోయిస్ అట్లాంటా విద్యార్థులతో కలిసి జార్జియా నల్లవాళ్ల భూమి, చదువు లెక్కల్ని చేత్తో గీయించి, రంగులేయించి పారిస్ ప్రదర్శనలో పెట్టారు. కంప్యూటర్ లేదనే సాకు మనకెందుకు? వాడలో ఇంటింటికీ వెళ్లి ఎకరాలు రాసుకురండి. గ్రాఫు కాగితం నేను తెస్తా.