చిన్న పెట్టెలో పాత ఆట



ఈ నెల ఒక ఆటవస్తువును గూర్చి వ్రాస్తున్నాను. "పాస్టరుగారికి వీడియో గేములతో ఏమి పని?" అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. పని ఉన్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో గృహదర్శనానికి వెళ్ళినప్పుడు, నలభై ఏళ్ళు దాటిన తండ్రులు టీవీ వెనుక వంగి ఏదో దూర్చుతూ కనిపిస్తున్నారు. చూడబోతే బొటనవేలంత నల్లని పుల్ల. దానిని టీవీకి తగిలిస్తే తెరమీద వందలకొద్దీ ఆటల పేర్లు బారులు తీరుతాయి. మారియో, కాంట్రా, ట్యాంకుల యుద్ధం, బాతుల వేట. తండ్రి ముఖం వెలిగిపోతుంది. పక్కనున్న పదేళ్ళ కొడుకు మాత్రం అర నిమిషం చూసి, "ఇదా డాడీ, నువ్వు చిన్నప్పుడు ఆడిండేది?" అని తిరిగి ఫోను అందుకుంటాడు.

ఆ బిడ్డను కోపపడవలసిన పని లేదు. తండ్రికి ఆ ఆట అంత ప్రియమెందుకో ఎవరూ వానికి చెప్పలేదు. తండ్రికి కూడ చెప్పడానికి మాటలు దొరకడం లేదు. ఆ సంగతినే కొంచెం విప్పి చూద్దాము.

1983 జూలైలో జపాను దేశంలో నింటెండో కంపెనీ ఒక ఆటయంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరు ఫ్యామిలీ కంప్యూటర్. ఎరుపు తెలుపు రంగుల పెట్టె. రెండు జాయ్‌స్టిక్కులనూ ఊడదీయడానికి వీలులేకుండ పెట్టెకే తీగలతో కలిపివేశారు. అంటే ఒంటరిగా ఆడుకుందామని కొన్నవానికి కూడ రెండవది తప్పదు! 1985లో అదే యంత్రం ఆకారం మార్చుకొని అమెరికా చేరింది. మారియో ఆట వచ్చినది కూడ ఆ సంవత్సరమే.

మన ఊళ్ళకు వచ్చినవి మాత్రం ఆ యంత్రానికి నకళ్ళు. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అనే పేర్లు మీలో కొందరికి ఇప్పటికీ జ్ఞాపకముండవచ్చు. అసలు సరుకు ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే ఒక్క లెక్క చాలు. సెగా అనే మరొక జపాను కంపెనీ 1995లో షా వాలెస్ ద్వారా తన యంత్రాలను మన దేశంలో అమ్మడానికి ఒప్పందం చేసుకున్నది. నేరుగా దిగుమతి చేస్తే 80 శాతం సుంకం పడుతుందని ఆ మార్గం పట్టింది. అయినా మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు పలికింది. ఆ సొమ్ముతో ఆనాడు ఒక బడిపంతులు కుటుంబం ఎన్ని నెలలు గడిపేదో ఇంట్లో పెద్దలనడగండి. కాబట్టి బెంగుళూరుకో మద్రాసుకో పనిమీద వెళ్ళిన మామయ్యలు తెచ్చిన నకళ్ళే మనకు దిక్కయినవి. అవి కూడ కొనలేనివారికి గంట లెక్కన ఆడించే దుకాణాలుండేవి. కుప్పంవంటి చోట అటువంటి దుకాణంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి వినిపించేవి. అయితే "ఎన్ని లైఫులున్నాయి?" అన్న ప్రశ్న మాత్రం మూడు భాషలకూ ఉమ్మడి సొత్తు.

ఆ యంత్రాన్ని టీవీకి తగిలించడమే ఒక ప్రహసనము. దూరదర్శన్ వచ్చే యాంటెన్నా తీగ ఊడదీయాలి, ఆ చోట గేము తీగ పెట్టాలి, ఛానలు మర త్రిప్పుతూ చీమల వానలో బొమ్మ కనబడేదాకా వెదకాలి. బొమ్మ కుదురుకున్న వేళకు కరెంటు పోయేది. మారియో ఆటలో ఎంతవరకు వచ్చామో దాచుకునే వీలు లేదు. కరెంటు వచ్చాక మరల మొదటి మెట్టునుండే. క్యాసెట్టు పనిచేయకపోతే తీసి నోటితో ఊదేవారు. ఊదినందువల్ల బాగుపడేది కాదు, తీసి మరల గట్టిగా పెట్టినందువల్ల బాగుపడేది. నోటి తడి ఆ ఇత్తడిరంగు పళ్ళకు చేటు అని ఆ కంపెనీవారే చెప్పారు. ఇక "9999 ఆటలు" అని అచ్చువేసిన క్యాసెట్టులో నిజంగా ఉండేవి కొన్నే. ఒకే ఆటను మొదటి మెట్టునుండి ఒకసారి, మూడవ మెట్టునుండి ఒకసారి పెట్టి సంఖ్య పెంచేవారు. మన బిడ్డలు తూకపు మోసమును మొదట నేర్చుకున్న చోటు అదే కావచ్చు.

ఆ ఆటలు ఎంత కొంచెములో చేశారో వింటే ఆశ్చర్యము కలుగుతుంది. ఆ యంత్రానికి పని జ్ఞాపకశక్తి రెండు కిలోబైట్లు మాత్రమే. మారియో ఆట మొత్తం, 32 మెట్లు, సంగీతం, శత్రువులు, రాణివాసపు కోటలతో సహా, 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఈనాడు మీరు ఫోనుతో తీసే ఒక్క ఫొటో దానికి యాభై రెట్లకు పైగా ఉంటుంది. చోటు చాలక ఆ పనివారు ఏమి చేశారో తెలుసునా? ఆకాశంలోని మేఘానికీ నేలమీది పొదకూ ఒకే బొమ్మ వాడారు. తెలుపు వేస్తే మేఘం, పచ్చ వేస్తే పొద. ఈసారి తీరికగా చూడండి, ఒకే మూసలో పోసినట్లుంటాయి. ఒక చీరను రెండు పండుగలకు రెండు విధాలుగా కట్టుకున్న మన తల్లులకు ఈ నేర్పు కొత్తది కాదు.

ఇప్పుడు ఈ చిన్న పెట్టెల సంగతి. 2016 నవంబరులో నింటెండో కంపెనీ తన పాత యంత్రాన్నే అరచేతిలో పట్టేంత చిన్నదిగా చేసి, లోపల 30 ఆటలు పెట్టి అమ్మింది. దుకాణాల్లో నిమిషాల్లో అయిపోయింది. 2017 ఏప్రిల్‌లో ఆపివేసేనాటికి 23 లక్షలు అమ్ముడుపోయినవి. జనం ఊరుకోనందున 2018లో మరల తెచ్చారు. ఆ వరుసలో తరువాతి యంత్రం చిన్నది 2017లోను, సెగావారి మెగా డ్రైవ్ చిన్నది 42 ఆటలతో 2019లోను వచ్చాయి. సోనీవారు కూడ 2018 డిసెంబరులో 20 ఆటలతో ప్లేస్టేషన్ చిన్నదానిని 100 డాలర్లకు తెచ్చారు గాని అది నిలవలేదు. కొద్ది వారాల్లోనే ధర 60 డాలర్లకు దిగింది. కొన్ని ఆటలను ఐరోపా టీవీల కొరకు చేసిన నిదానపు రూపంలో పెట్టడం కొన్నవారికి నచ్చలేదు. పాతదని పేరు పెట్టినంత మాత్రాన జనం కళ్ళు మూసుకొని కొనరన్నమాట.

నింటెండో చిన్న పెట్టెలో వింత యేమిటంటే, జాయ్‌స్టిక్కు తీగ ఒక మీటరు కూడ లేదు. పెట్టె టీవీ దగ్గరుంటే మనిషీ టీవీ దగ్గరికే పోవాలి. నడివయసువారు నేలమీద చాప వేసుకొని తెరకు ఆనుకొని కూర్చోవలసి వచ్చింది. అందరూ సణిగారు. నాకు మాత్రం అది తప్పుగా తోచలేదు. వాళ్ళు చిన్ననాడు కూర్చున్నది అక్కడనే కదా!

చిన్నదంటే మనుష్యులకు ఎందుకింత మక్కువ? మన పుంగనూరు ఆవునే చూడండి. ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు. పాలలో వెన్న ఎనిమిది శాతం దాకా ఉంటుందంటారు. ఒక కాలంలో దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో కాపాడుకుంటూ వచ్చారు. 2024 జనవరిలో సంక్రాంతినాడు ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చిన తరువాత దేశమంతటా దీని పేరు మారుమ్రోగింది. ఇప్పుడు మేడల మీద, హాలులో సోఫా పక్కన పెంచుకునేవారున్నారు. అయితే ఒక తేడా ఉంది. పుంగనూరు ఆవు పెద్ద ఆవుకు బొమ్మ కాదు. వానలు లేని మన నేలమీద కొంచెం గడ్డితో బ్రదకగలిగిన జీవి, పేదరైతు ఇంటికి సరిపోయినది. చిన్న ఆటపెట్టె వేరు. ఈనాటి విద్యతో ఆ పనికి అంత పెట్టె అక్కరలేదు. ఒకప్పుడు అనేక చిప్పులు చేసిన పనిని ఒక్క చిప్పు చేస్తుంది. అయినప్పటికీ పాత పెట్టె ఆకారాన్నే ఉంచి, తెరవని మూతను కూడ దానిమీద చెక్కి చిన్నది చేశారు. లోపలిది ఆట, పైది జ్ఞాపకము.

జ్ఞాపకమును నమ్మవచ్చునా అంటే, కొంచెం జాగ్రత్తగా నమ్మాలి. అరణ్యములో ఇశ్రాయేలీయులకు ఐగుప్తు కీరకాయలు, ఉల్లిపాయలు జ్ఞాపకము వచ్చినవి గాని, వీపుమీది దెబ్బలు రాలేదు. మన తండ్రులు కూడ అంతే. గంటకు డబ్బులు చాలక దుకాణం గుమ్మంలో నిలబడి ఇతరుల ఆట చూసిన సాయంకాలాలను ఇప్పుడు తీపిగా చెప్పుకుంటున్నారు.

ఆ తండ్రులతో కాసేపు కూర్చుని మాట్లాడితే తెలిసేది యేమిటంటే, వారు వెదుకుతున్నది మారియోను కాదు, రెండవ జాయ్‌స్టిక్కు పట్టుకున్నవానిని. అన్నయ్య, పక్కింటి స్నేహితుడు, వేసవి సెలవులకు వచ్చిన మేనత్త కొడుకు. ఒకరు గల్ఫులో ఉంటారు, ఒకరు బెంగుళూరులో కంపెనీ ఉద్యోగంలో ఉంటారు, ఒకరు ఇక లేరు. ఆట ముప్పై ఏళ్ళకు తిరిగి వచ్చింది గాని పక్కన చాప ఖాళీగా ఉంది. అందుకే కొడుకును పిలుస్తున్నాడు. కొడుకు అర నిమిషంలో లేచిపోతే ఆ మనిషికి కలిగే నొప్పి ఆటకు సంబంధించినది కాదు. తల్లులు, మీరు దీనిని చూసి "ఈ వయసులో ఆయనకిదేమి పిచ్చి" అని నవ్వకండి.

కొడుకు పక్షాన కూడ ఒక మాట చెప్పాలి. వాని ఫోనులోని ఆటకు అంతము లేదు. ఈ రాత్రి ముగించినా రేపు ఉదయం బహుమానమున్నదని గంట మ్రోగిస్తుంది. కత్తి కొను, చొక్కా కొను అని అడుగుతుంది. పందెపు ఆటలైతే ఎన్ని కుటుంబాలను అప్పులపాలు చేశాయో మన పోలీసు స్టేషన్లకు తెలుసు. 2020లో మన రాష్ట్రము, 2025 ఆగస్టులో కేంద్రము డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టాలు చేయవలసి వచ్చింది. పాత ఆట ఒకసారి కొన్న తరువాత మరి పైసా అడగదు. చచ్చిపోతే చచ్చిపోయావంటుంది, ఆట అయిపోతే అయిపోయిందంటుంది. ఆ నిక్కచ్చితనము బిడ్డకు మొదట రుచించదు. కాని ఒక్కడే ఆడుతూ ఉంటే రుచించనిది, ఇద్దరు ఆడేటప్పుడు మారుతుంది.

కాబట్టి తండ్రులారా, మారియోతో మొదలు పెట్టకండి. అందులో ఒకరు చచ్చేదాకా రెండవవారు చేతులు కట్టుకొని కూర్చోవాలి. కాంట్రా పెట్టండి, ఇద్దరూ ఒకేసారి ఆడవచ్చు. మూడు లైఫులు చాలవని బిడ్డ విసుగుకుంటే, పైకి పైకి, క్రిందికి క్రిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ అని మొదటి తెరమీద నొక్కితే ముప్పై వస్తాయని మీకు జ్ఞాపకముంటుంది. ఇంటర్నెట్టు లేని రోజుల్లో ఈ మంత్రం ఏ దారిని మన ఊళ్ళదాకా వచ్చిందో గాని, అందరికీ వచ్చు. దానిని మొదట పెట్టినవాడు కజుహిసా హషిమోటో అనే జపాను పనివాడు. 1986లో వేరొక ఆటను పరీక్షించవలసివచ్చి, అది మరీ కష్టంగా ఉందని తనకొరకు పెట్టుకున్న దొడ్డిదారి అది. ఆయన 2020లో మరణించాడు. కాంట్రా మూడవ మెట్టులో జలపాతం ఎక్కాలి. అక్కడ ముందు ఎక్కినవాడు ఆగకుండ పోతే తెర పైకి జరిగి, వెనుకనున్నవాడు క్రింద పడి చస్తాడు. అన్నదమ్ములు కొట్టుకున్నది ఎక్కువగా అక్కడనే.

ఇంకొక సంగతి దాచకూడదు. నింటెండో, సెగా చేసిన చిన్న పెట్టెలు హక్కులున్న సరుకు. మన బస్టాండు దుకాణాలలో అమ్మే పది వేల ఆటల పుల్లలు అటువంటివి కావు. వాటిలోని ఆటలు ఎవరినీ అడుగక ఎత్తి పెట్టినవి. నలభై కిలోబైట్లలో ఆ లోకాన్ని ఇమిడ్చిన పనివారికి అందులోనుండి ఒక్క రూపాయి చేరదు. చిన్ననాటి నకళ్ళ విషయంలో మనకు వేరే దారి లేదు, తెలియదు కూడ. ఇప్పుడు తెలుసు, దారి కూడ ఉంది. నింటెండోవారి కొత్త యంత్రము గలవారు చందా కట్టి పాత ఆటలను న్యాయంగా ఆడవచ్చు. ఖర్చు ఎక్కువే. ఎవరి శక్తినిబట్టి, మనస్సాక్షినిబట్టి వారు తీర్మానించుకోవాలి. పది వేల ఆటలున్నా మీరు ఆడేవి ఆరేడే అని మాత్రం చెప్పగలను.

చివరగా, బాతుల వేట కొరకు ఎంతోమంది అడుగుతున్నారు. ఈ పుల్లలలో ఆ ఆట ఉంటుంది గాని తుపాకీ పనిచేయదు. పాత తుపాకీని తెచ్చి ఇప్పటి పలుచని టీవీకి గురిపెట్టినా అంతే. ఎందుకంటే ఆ తుపాకీ దేనినీ కాల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును చూస్తే బాతు పడినట్లు. గాజు గొట్టపు పాత టీవీ ఆ బొమ్మను తక్షణమే చూపేది. కొత్త టీవీ రవ్వంత ఆలస్యం చేస్తుంది. ఆ రవ్వంతలో బాతు తప్పించుకుంటుంది, కుక్క లేచి నవ్వుతుంది. కనుక మీ అటకమీద పాత పెట్టె టీవీ, దానితోబాటు ఆ తుపాకీ, పాత యంత్రము ఉన్నట్లయితే, ఇనుప సామానువానికి వేసేముందు ఒకసారి దించి తుడిచి కరెంటు పెట్టి చూడండి. యాంటెన్నా తీగ వెనుకవైపు, రెండు మరల క్రింద బిగించాలి.