అద్దె కిరీటం కన్నా అట్ట కిరీటం మేలు

కృష్ణాష్టమి, పంద్రాగస్టు, బాలల దినోత్సవం వచ్చాయంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల బడుల్లో చిన్నపిల్లలకు వేషాల పోటీల హడావుడి మొదలవుతుంది. బడి నుంచి వాట్సాప్‌లో కబురు రాగానే చాలామంది తల్లిదండ్రులు అద్దె దుకాణం దారి పడతారు. పొద్దున తొడిగిన మెరుపుల డ్రస్సు ఫొటోలు కాగానే మళ్లీ దుకాణానికి చేరుతుంది. ఇందులో పిల్లవాడు చేసిందల్లా కదలకుండా నిలబడటం, ఎవరో రాసిచ్చిన రెండు ముక్కలు అప్పజెప్పడం. పోటీ పెట్టేది పిల్లలు ఏదైనా నేర్చుకోవాలనే అయితే, వేషం తొడుక్కోవడంలో కన్నా తయారుచేసుకోవడంలోనే నేర్చుకునేది ఎక్కువ. అందుకే వేషాలు పిల్లల చేతే, ఇంట్లో ఉన్న వస్తువులతోనే చేయించాలి.

అద్దె దుకాణం పిల్లల ఊహకు ముందే గిరి గీస్తుంది. అక్కడ ఏ వేషం వేలాడుతుంటే పిల్లవాడు ఆ వేషమే కట్టాలి. కారంపూడిలో కార్తీక అమావాస్యకు పల్నాటి యుద్ధ వీరుల ఆరాధనోత్సవాలు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అంటూ ఐదు రోజులు సాగుతాయి. బాలల దినోత్సవం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది. అలాంటప్పుడు పల్నాటి బడి వేదిక మీద ఆ యుద్ధగాథలోని బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కన్నమదాసు కనిపించకపోతే అది మన లోటే. నిజానికి ఈ వేషాలకు పెద్ద ఖర్చే లేదు. పంచె, నడుముకు ఎర్రగుడ్డ, చేతిలో బొంగరం ఉంటే బాలచంద్రుడు సిద్ధం. కథలో అతడు బొంగరాలాట నుంచే యుద్ధానికి కదిలాడు మరి. పంచె, తలపాగా, చేతికర్ర ఉంటే కన్నెగంటి హనుమంతు. పుల్లరి పన్ను కట్టనని తెల్లదొరల ప్రభుత్వాన్ని ఎదిరించి 1922లో మించాలపాడులో ప్రాణమిచ్చిన ఆ రైతు తలపాగా ఎలా చుట్టేవాడు, పుల్లరి అంటే ఏమిటి అని పిల్లవాడు తాతయ్యను అడిగాడంటే చరిత్ర పాఠం అక్కడే మొదలైనట్టు.

చేతిపనిలో లెక్కలూ ఉన్నాయి. కిరీటమే తీసుకోండి. దారంతో తల చుట్టుకొలత తీసి, అతుకు కోసం రెండు వేళ్ల వెడల్పు కలుపుకుని చెప్పుల పెట్టె అట్టను కత్తిరించాలి. మైదా ఉడికించిన జిగురుతో పాత పెళ్లిపత్రికల బంగారు కాగితం అంటించాలి. కొలత తప్పితే కిరీటం కళ్ల మీదికి జారుతుంది, జిగురు ఆరకముందే పెట్టుకుంటే అతుకు ఊడుతుంది. అప్పుడు విప్పి మళ్లీ చేయాలి. మన వీధిభాగవతులు తేలికైన పొణికి కర్ర చెక్కి, రంగుకాగితాలూ అద్దాల ముక్కలూ అతికి కిరీటాలు, భుజకీర్తులు చేసుకున్నవారే. శివరాత్రికి వెదుళ్లూ గుడ్డలతో ఆకాశమెత్తు ప్రభలు కట్టి కోటప్పకొండకు తరలించే సీమకు అట్ట కిరీటం ఒక లెక్కా?

వేషం వట్టి సరదా అనుకోనక్కర్లేదు. 2017లో చైల్డ్ డెవలప్‌మెంట్ పత్రికలో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 4, 6 ఏళ్ల పిల్లలు 180 మందికి విసుగు పుట్టించే పని అప్పగించారు. తమను తాము బ్యాట్‌మన్ లాంటి పాత్రగా ఊహించుకున్నవారే ఎక్కువసేపు పనిలో నిలిచారు. అది అద్దె వేషాన్నీ ఇంటి వేషాన్నీ పోల్చిన పరిశోధన కాదు. కానీ పాత్రలో లీనమైతే పిల్లలకు పట్టుదల పెరుగుతుందని చూపింది. తన చేత్తో చేసుకున్న వేషంలో లీనం కావడం ఏ పిల్లవాడికైనా తేలిక.

మిరప కోతలకు, పత్తి తీతలకు తెల్లవారే వెళ్లే తల్లికి ఇదంతా చేయించే తీరిక ఏదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే కూలి డబ్బుల్లోంచి అద్దె కట్టడం ఆమెకు అంతకన్నా భారం. చివరికి పిల్లల పేరుతో తల్లులే పోటీ పడతారన్న అభ్యంతరమూ ఉంది. రెంటికీ మందు ఒకటే: పని బడిలోనే జరగాలి. పోటీకి ముందు రెండు మూడు పీరియడ్లు కేటాయించి, ఇంటి నుంచి పాత గుడ్డలు, అట్టలు తెమ్మంటే సరిపోతుంది. అద్దె వేషాల పక్కన అట్ట కత్తి వెలవెలబోతుందనీ, పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడనీ అంటారు. అందరివీ అట్ట కత్తులే అయినప్పుడు చిన్నతనం ఎవరికి? మెరుపుకు మార్కులు వేసే అలవాటు న్యాయనిర్ణేతలు మానుకుని, వేషం ఎలా చేశావో, ఈ మనిషి ఎవరో చెప్పమని పిల్లవాణ్ని అడగాలి.

ప్రధానోపాధ్యాయులకు ఒక్కటే విన్నపం. ఈసారి వేషాల పోటీ గురించి పంపే కబురులో ఒక వాక్యం చేర్చండి: అద్దె వేషాలకు బహుమతి లేదు.