ఇసుక కింద ఏం జరుగుతున్నదో ఎవరు చదవాలె?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడు మాటల మీదనే తెలంగాణ కొట్లాడింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఈ మూడూ ఒక్క దగ్గర కలిసే జాగ ఒకటున్నది. అది యూనివర్సిటీల సివిల్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్. నీళ్ల లెక్క నేర్పేది అక్కడ. పరిశోధనకు నిధులు కావాల్సింది అక్కడ. పాఠం చెప్పేటోళ్ల నియామకాలు ఏండ్ల తరబడి సాగదీసిందీ అక్కడే.

చదువుల కొదవ మనకు లేదు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. వరంగల్ ఆర్ఈసీ 1959లో వచ్చి, 2002లో ఎన్ఐటీ అయింది. మరి ఆ చదువుకూ మన మట్టికీ సంబంధమెంత? ఇదీ మా ప్రశ్న.

మేడిగడ్డనే చూడుండ్రి. 2019 జూన్ 21న ప్రారంభించిన్రు. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింట్లనూ లోపాలున్నయని జాతీయ డ్యాం భద్రతా సంస్థ ప్రాథమిక నివేదికల చెప్పింది. తప్పు ఏ పార్టీది అనే పంచాయితీ వేరే. మేం చదువు సంగతి మాట్లాడుతున్నం.

ఇసుక మీద కట్టిన బ్యారేజీ వెనుక నీళ్లు నిలబడితే, ఆ ఒత్తిడికి పునాది కిందికెళ్లి ఊట నడుస్తది. ఊట వేగం హద్దు దాటితే ఇసుకను వెంట గుంజుకపోతది. లోపల బొరియ పడుతది, పైన కాంక్రీటు కుంగుతది. దీన్నే పైపింగ్ అంటరు. దీని లెక్కలు మన దేశపు ఇంజనీరు ఖోస్లా 1930లలోనే కట్టి పెట్టిండు. ఇంజనీరింగ్ పిల్లలు పరీక్షల రాసే పాఠమే ఇది. కానీ పుస్తకంల ఇసుక వేరు, గోదావరి ఇసుక వేరు. గోదావరి ఇసుకను ఏండ్లకేండ్లు తవ్వి, కొలిచి, నమూనా కట్టి చూసే పని మన ల్యాబులల్ల జరగాలె.

చెరువుల ముచ్చట అంతే. రామప్ప, పాకాల, లక్నవరం కాకతీయుల కాలం నాటివి. మీది చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండే గొలుసుకట్టు మనది. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన్రు. తీసిన పూడిక మళ్ల ఎంత చేరింది? పొలంల పోసిన మట్టి ఎంత పనిచేసింది? కింది బావులల్ల ఊట పెరిగిందా? ఒక్కో గొలుసు ఒక్కో పీహెచ్‌డీకి సరిపోతది. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే నల్లరేగడి మీద రోడ్డు ఎట్ల నిలబెట్టాలె? 1908ల మూసీ ముంచింది, 2020 అక్టోబర్‌ల వాన ముంచింది. పట్నం నాలాలకు నీళ్లు పట్టే లెక్క ఏంది? ఇవన్నీ పరిశోధన అంశాలే.

సార్ల మీద నింద వేయబోము. పేపరు అచ్చయితేనే ప్రమోషన్ అన్న చోట, ఊరి తూము మీద ఎవరు రాస్తరు? ఫెలోషిప్ లేని స్కాలర్ కిరాయి బండి పెట్టుకొని మహదేవ్‌పూర్ ఎట్ల పోతడు?

అందుకే మేం అడుగుతున్నం. ప్రతి ప్రాజెక్టు మట్టి పరీక్షలు, ఊట ఒత్తిడి కొలతలు యూనివర్సిటీలకు ఇయ్యాలె. ఖాళీ పోస్టులు నింపాలె. ఇరిగేషన్ ఇంజనీర్లకు పరిశోధన కోసం చదువు సెలవు ఇయ్యాలె. ప్రతి థీసిస్ సారాంశం తెలుగుల అచ్చు వేసి, ఆ ఊరి పంచాయతీకి పంపాలె.

విద్యార్థులారా, ఉద్యోగులారా! నీళ్ల కోసం రోడ్డెక్కినోళ్లం మనం. ఆ నీళ్లను నిలబెట్టే కట్ట గట్టిదేనా అని అడిగే హక్కు మనది. జవాబు చెప్పగలిగే చదువు కూడా మనదే కావాలె.