అమెరికా టెన్నిసు పునరుత్థానము

2021వ సంవత్సరము మే నెల 10వ తేదీన వెలువడిన పురుషుల టెన్నిసు వరుసల పట్టికలో మొదటి ముప్పదిమందియందు అమెరికా దేశీయుడు ఒక్కడును లేడు. 1973 ఆగస్టులో ఆ పట్టిక పుట్టిన నాటినుండి అట్టి దినము వచ్చుట అదియే ప్రథమము. కానర్సును, మెకెన్రోను, సాంప్రసును, అగస్సీని లోకమున కిచ్చిన దేశమునకు అది తలవంపుగా తోచుట సహజము. అమెరికా టెన్నిసు కథ ముగిసినదని అప్పుడు తేల్చి చెప్పినవారు పెక్కుమంది.

నాలుగేండ్లలో కథ మాఱినది. 2023 జూనులో ఫ్రాన్సిస్ టియాఫో పదవ స్థానము నందుకొనెను. 2024 నవంబరులో టేలర్ ఫ్రిట్జ్ నాలుగవ స్థానమున కెక్కెను. 2025 జూనులో టామీ పాల్ ఎనిమిదవ స్థానమును, ఆగస్టులో టొరంటో పోటీ గెలిచిన బెన్ షెల్టన్ ఆఱవ స్థానమును చేరిరి. వీరిలో ఎవ్వడును అంతకుముందు అంత యెత్తున నిలిచినవాడు కాడు. స్త్రీల పట్టిక ఇంకను ఘనముగా నున్నది. జెస్సికా పెగూలా 2022 అక్టోబరులో మూడవ స్థానమును, కోకో గాఫ్ 2024 జూనులో రెండవ స్థానమును, ఎమ్మా నవారో ఆ సెప్టెంబరులో ఎనిమిదవ స్థానమును పొందిరి. 2025లో మాడిసన్ కీస్ అయిదవ స్థానమునకును, అమాండా అనిసిమోవా నాలుగవ స్థానమునకును వచ్చిరి. ఆ సంవత్సరము నవంబరులో రియాదు నగరమున జరిగిన సంవత్సరాంతపు పోటీకి అర్హత పొందిన ఎనమండ్రలో నలుగురు అమెరికా వనితలే.

పరదేశపు ఆటగాండ్ర అంకెలతో మనకేమి పని యని పాఠకు లడుగవచ్చును. పడిన జాతి యెట్లు లేచినదో తెలిసికొనుట ఎవరికైనను పనియే. అదియుగాక, ఈ అంకెల వెనుక కందుకక్రీడకంటె పెద్ద విషయ మొకటి దాగియున్నదని మేము తలంచుచున్నాము.

ముందుగా ఈ ర్యాంకు అను దాని స్వభావమును గూర్చి రెండు మాటలు. మన తెలుగునాట ర్యాంకు అనగానే తల్లిదండ్రుల మనస్సు పరీక్షా ఫలితములమీదికిని, గోడలనిండ కళాశాలలవారు అతికించు బాలబాలికల బొమ్మలమీదికిని పోవును. ఒక్క దినము వ్రాసిన పరీక్ష, జీవితాంతము చెప్పుకొను అంకె. టెన్నిసు వరుస అట్టిది కాదు. అది ఏబదిరెండు వారముల జమాఖర్చు. నాలుగు మహాపోటీలలో ఒకదానిని గెలిచినవారికి 2000 పాయింట్లు, దాని క్రింది తరగతిలో 1000, ఆపైన 500, 250 చొప్పున జమ కట్టుదురు. సంవత్సరము తిరిగి ఆ పోటీ మరల వచ్చునప్పటికి పాత జమ కొట్టివేయబడును. ఆడి మరల సంపాదింపవలెను, లేదా దిగవలెను. పుణ్యము క్షీణించిన కొలది స్వర్గమునుండి దిగిరావలసినదే యని మన పెద్దలు చెప్పిన న్యాయము ఇచట వారము వారము నెఱవేఱుచుండును. మాడిసన్ కీస్ 2025 జనవరిలో ఆస్ట్రేలియాలో సంపాదించిన 2000 పాయింట్లు 2026 జనవరితో లెక్కనుండి తొలగినవి. అయితే ఈ లెక్కలో కరగని అంకె ఒక్కటి కలదు. ఆటగాడు తన జీవితములో చేరిన అత్యున్నత స్థానము అతని పేరుప్రక్కన నిలిచిపోవును. కనుకనే ఇట్టి క్రొత్త ఎత్తు చేరిన సోమవారమును వారు పండుగగా భావింతురు.

ఈ పండుగలు అమెరికా వారికి మిక్కిలి ఆలస్యముగా వచ్చినవి. 2015వ సంవత్సరమున బాలుర మహాపోటీలలో మూడింటిని అమెరికా బాలురే గెలిచిరి. పారిసులో టామీ పాల్ టేలర్ ఫ్రిట్జును ఓడించెను. న్యూయార్కులో ఫ్రిట్జు పాల్‌ను ఓడించి బదులు తీర్చుకొనెను. వింబుల్డనులో రైలీ ఓపెల్కా గెలిచెను. ఆ యేడే పత్రికలు వీరిని కాబోవు చక్రవర్తులుగా కీర్తించినవి. చక్రవర్తిత్వము రాలేదు. ఆఱేండ్లకు పైన చెప్పిన 2021 మే పట్టిక వచ్చినది. అప్పుడు ఆ బాలురు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్ల యువకులు. వారిని చేతగానివారని త్రోసివేయుటకు జాగు జరుగలేదు. ఫ్రిట్జు నాలుగవ స్థానము చేరునప్పటి కతనికి ఇరువదియేడేండ్లు, పాల్ ఎనిమిదవ స్థానము చేరునప్పటి కిరువదియెనిమిది. మాడిసన్ కీస్ కథ ఇంకను విచిత్రము. ఆమె 2016లోనే ఏడవ స్థానమున నిలిచినది. దానిని దాటి అయిదవ స్థానమునకు వచ్చుటకు 2025వఱకు పట్టినది. ఆస్ట్రేలియాలో ఆ మాఱు ఆమె నాటి ద్వితీయస్థానీయురాలైన ష్వియాంటెక్కును, ప్రథమస్థానీయురాలైన సబలెంకాను వరుసగా ఓడించి తన మొదటి మహాపోటీని గెలిచెను. పదునాలుగేండ్ల ప్రాయముననే వృత్తిక్రీడ నారంభించిన యామె ఆ ఫలమును ముప్పదియవ జన్మదినము సమీపించుచుండగా చవిచూచినది. తొలి కాపు చూచి చెట్టును కొట్టివేయు రైతు లేడు గాని, పత్రికారచయితలలో అట్టివారు చాలమంది గలరు. మా వృత్తివారినిగూర్చి మే మీమాట చెప్పుటకు సంకోచింపము.

అనిసిమోవాను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఆమె తల్లిదండ్రులు రష్యానుండి వచ్చినవారు. పదునేడేండ్ల వయస్సున 2019లో పారిసున ఉపాంత్యము చేరినది. ఆ యేడు ఆగస్టులోనే, ఆమెకు గురువైన తండ్రి హఠాత్తుగా మరణించెను. 2023 మేలో, మనస్సు అలసినది, కొంతకాలము ఆట విడిచెదనని ఆమె బహిరంగముగా ప్రకటించెను. అంకెలే సర్వస్వమైన లోకములో ఆ మాట అనుటకు ధైర్యము కావలెను. 2024 ఆరంభమున తిరిగి వచ్చునప్పటికి ఆమె స్థానము నాలుగువందలకు దిగువకు జాఱియుండెను. ఆ తరువాత ఏడాదిన్నరకు, 2025 జూలైలో, వింబుల్డను తుదిపోటీలో నిలిచినది. అచట జరిగినది లోకమెఱిగినదే. ష్వియాంటెక్కుపై ఒక్క గేమైనను గెలువక, రెండు సెట్లును సున్నకు ఆఱు చొప్పున ఓడిపోయెను. ఆ పోటీ తుదిదినమున 1911 తరువాత అట్టి ఫలితము రాలేదు. శనివారము ఆ పరాభవము. సోమవారము వెలువడిన పట్టికలో ఆమె తన జీవితములో మొదటిసారి మొదటి పదిమందిలో చేరి, ఏడవ స్థానము పొందెను! పట్టిక ఎంతటి నిర్మమమైనదో, ఒక్కొక్కప్పుడు ఎంతటి న్యాయమైనదో చెప్పుటకు దీనికంటె మంచి యుదాహరణము మాకు దొరకదు. తుదిపోటీలో ఆమె పడిన విధము లోకము చూచినది. ఆ తుదిపోటీవఱకు ఆమె నడచిన దారిని పట్టిక చూచినది. రెండు నెలలు తిరుగకమునుపే న్యూయార్కులో ఆ ష్వియాంటెక్కునే రెండు వరుస సెట్లలో ఓడించి, అచటను తుదిపోటీవఱకు వెళ్లి, నాలుగవ స్థానము నందుకొనెను.

ఇక ఈ లేచుటకు కారణమేమి? ధనమనువారు కలరు. అది సత్యమే, కాని సత్యములో సగము. అమెరికా టెన్నిసు సంఘమువారు న్యూయార్కు మహాపోటీవలన వచ్చు ఆదాయములో కొంత బాలుర శిక్షణకు వెచ్చింతురు. 2017లో ఫ్లోరిడా రాష్ట్రమున నూఱు కోర్టులతో జాతీయ శిక్షణాస్థలమును తెఱచిరి. విశ్వవిద్యాలయములు ఆటగాండ్రకు విద్యార్థివేతనము లిచ్చి పోషించును. షెల్టన్ 2022లో ఫ్లోరిడా పక్షమునను, నవారో 2021లో వర్జీనియా పక్షమునను విశ్వవిద్యాలయముల జాతీయ పోటీ గెలిచినవారే. 1972లో చేయబడిన శాసనమువలన, ప్రభుత్వధనము పొందు విద్యాలయములలో బాలికలను బాలురతో సమముగా చూడవలసివచ్చినది. 1973లో న్యూయార్కు పోటీలో స్త్రీపురుషులకు సమాన పారితోషిక మేర్పడినది. స్త్రీల పట్టికలో అమెరికా బలము ఎన్నడును పురుషులవలె కుంగకపోవుటకు ఈ రెండును ముఖ్యకారణములని మా యభిప్రాయము.

అయితే అంతకన్న లోతైన కారణము వేఱొకటి యున్నది. ఈ ఆట అమెరికాలో చాలకాలము తెల్లవారి తోటలోని ఆట. లాన్ టెన్నిసు సంఘము తలుపులు మూసికొనగా, నల్లజాతివారు 1916లో తమకొక వేఱు సంఘమును స్థాపించుకొనిరి. 1950లో గాని ఆల్తియా గిబ్సన్ అను యువతికి జాతీయపోటీలో కాలుమోప ననుమతి దొరకలేదు. ఆమె 1957లోను 1958లోను వింబుల్డనును గెలిచినది. రిచ్‌మండు నగరమున పుట్టిన ఆర్థర్ ఆష్‌కు తన యూరిలోని మంచి కోర్టులు నిషిద్ధములు. అతడు 1968లో న్యూయార్కు మహాపోటీని, 1975లో వింబుల్డనును గెలిచెను. 1997నుండి న్యూయార్కు పోటీ యొక్క ప్రధానరంగమునకు ఆతని పేరే. కాలిఫోర్నియాలో కాంప్టను పేటలోని ప్రజా కోర్టులనుండి విలియమ్సు సోదరీమణులు వచ్చిరి. కోకో గాఫ్ మాతామహి 1961లో ఫ్లోరిడాలోని డెల్రే బీచి పట్టణమున, అంతవఱకు తెల్లపిల్లలకే పరిమితమైన ఉన్నత పాఠశాలలో ప్రవేశించిన తొలి నల్లజాతి విద్యార్థిని. 2020లో అదే పట్టణమున వర్ణద్వేషమునకు వ్యతిరేకముగా జరిగిన సభలో పదునాఱేండ్ల మనుమరాలు ప్రసంగించెను. మూడేండ్లకు ఆమె ఆష్ పేరుగల ఆ రంగమున మహాపోటీ గెలిచెను. 2025లో పారిసులోను గెలిచెను.

గాఫ్, కీస్, షెల్టన్, టియాఫోల ఎత్తులనుండి ఈ చరిత్రను వేఱుచేసి చూచుట మాకు చేతగాదు. టియాఫో తలిదండ్రులు ఆఫ్రికాలోని సియెరా లియోనునుండి వచ్చినవారు. మేరీలాండు రాష్ట్రమున ఒక టెన్నిసు శిక్షణాలయమును కట్టునప్పుడు అతని తండ్రి కూలివాడు. కట్టిన తరువాత అచటనే ఊడ్చి తుడుచు పనివాడు. కవల సోదరులిద్దరును ఆ భవనములోని ఒక గదిలో తండ్రితో నిదురించి, పగలు పెద్దయింటి పిల్లల ఆట చూచుచు పెరిగిరి.

ప్రతి తలుపును తెఱవబడినదని మేము చెప్పుట లేదు. పెగూలా, నవారోలు కోటీశ్వరుల బిడ్డలు. వారి శ్రమను తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కలిమి బంతిని అవతలికి కొట్టదు. అయినను బిడ్డను గురువుతోడను విమానములతోడను పదేండ్లు పోషింపగల యిల్లు ఎన్ని? శిక్షణాలయమున నిదురించు అదృష్టము లేని కూలివాని బిడ్డ ఆ దేశమునను ఈ పట్టికల దరిదాపులకు రాలేడు.

ఈ పునరుత్థానము సంపూర్ణమనుటయు పొరపాటే. పురుషులలో మొదటి స్థానము పొందిన చివరి అమెరికనుడు ఆండీ రాడిక్. అతడు 2003లో న్యూయార్కు గెలిచినది మొదలు 2025 ముగియువఱకు అమెరికా పురుషు డెవ్వడును మహాపోటీ గెలువలేదు. 2024, 2025 సంవత్సరముల ఎనిమిది మహాపోటీలను ఇటలీ దేశపు సిన్నర్, స్పెయిను దేశపు అల్కరాజ్ తామిద్దరే పంచుకొనిరి. ఫ్రిట్జు 2024లో న్యూయార్కున సిన్నరు చేతను, 2025లో వింబుల్డను ఉపాంత్యమున అల్కరాజు చేతను ఓడెను. మొదటి పదిమందిలో ఇద్దరు ముగ్గురుండుట వెడల్పును చూపును. శిఖర మింకను పరుల చేతిలో నున్నది. స్త్రీల విషయ మట్లు కాదు. వారు 2023నుండి 2025వఱకు మూడు మహాపోటీలు గెలిచిరి.

ఈ పట్టికలలో మన తెలుగువారికి ఒక బంధుత్వము కలదు. నిశేష్ బసవరెడ్డి యను యువకుడు కాలిఫోర్నియాలో పుట్టి, ఇండియానా రాష్ట్రమున పెరిగి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవాడు. అతని తలిదండ్రులు నెల్లూరునుండి వెళ్లినవారు. 2025 జనవరిలో మెల్బోర్నున అతడు జొకోవిచ్ వంటి మహావీరునినుండి మొదటి సెట్టును లాగికొని, తక్కిన మూడును కోల్పోయెను. ఆ వార్త చదివి మనవాడని పొంగినవారిలో మేమును చేరుదుము. కాని ఆ పొంగు చల్లారిన పిమ్మట చూడగా, అతడు బంతి కొట్టిన కోర్టులును, చదువుతోపాటు ఆటను పోషించిన విశ్వవిద్యాలయమును అమెరికావే. మనము పంపినది తలిదండ్రులను. వారికి బిడ్డ పుట్టినచోట తలుపు తెఱచియున్నది.

నెల్లూరులోనే పెరిగియుండిన, ఆ బాలుడు టెన్నిసును వృత్తిగా తలంచుటకు ఏ కళాశాల అతనికి వేతన మిచ్చియుండును? ర్యాంకుల బొమ్మలు గోడలకెక్కించు మన విద్యాలయములలో ఒక్క టెన్నిసు కోర్టు గలవి ఎన్ని? హైదరాబాదు ఆడపడుచు సానియా మీర్జా ఇట్టి వసతు లేవియు సమృద్ధిగా లేని కాలమున తన కుటుంబపు పట్టుదలతో 2007 ఆగస్టులో ఇరువదియేడవ స్థానమున కెక్కినది. ఏకక పోటీలలో భారతస్త్రీ చేరిన అత్యున్నత స్థాన మదియే. 2025 ఆగస్టుతో ఆ అంకెకు పదునెనిమిదేండ్లు నిండినవి.