కొండ కనిపిస్తే చాలా?

పాతికేళ్లుగా బ్యాంకులో ఇంటి అప్పుల కాగితాలు చూస్తున్నాను. ఎంత జీతానికి ఎంత అప్పు, నెలకు కిస్తు ఎంత అని అడిగిన వాళ్లందరికీ లెక్క వేసి ఇచ్చాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. పరేల్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. రిటైరయ్యేలోగా బద్లాపూర్‌లో ఒక ఫ్లాటు కొనాలని ఇంట్లో దాదాపు తేల్చేశారు. "నాన్నా, కిటికీ తీస్తే కొండే!" అంటుంది మా అమ్మాయి.

నిజమే. ఒక పక్క చందేరి, మాథేరాన్ కొండలు. ఇంకో పక్క ఉల్హాస్ నది. బోరీబందర్ నుంచి 68 కిలోమీటర్లు, మధ్యలో బండి మారనక్కరలేదు. 2001 జనాభా లెక్కల్లో లక్షకు కాస్త తక్కువగా ఉన్న ఊరు, 2011 నాటికి లక్షా డెబ్బై నాలుగు వేలు దాటింది. "లోకల్ ఉంది, కొండ ఉంది, ధర అందుబాటులో ఉంది. ఇంకేం కావాలి?" అంటారు తోటి ఉద్యోగులు. మన సంఘం పెద్దలూ అదే మాట. నా పేచీ అంతా ఆ 'ఇంకేం కావాలి'తోనే.

నేను కామర్సు చదివినవాణ్ణి. జమ ఒక్కటే రాసి ఖర్చు రాయని పద్దు చూస్తే ఊరుకోలేను.

మొదటి ఖర్చు కాలం. పోను గంటన్నర, రాను గంటన్నర. ఏడాదికి 280 పనిదినాలు వేసుకుంటే 840 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 35 రోజులు రైల్లోనే. అదీ కర్జత్ నుంచే నిండి వచ్చే బండిలో, నిలబడి. నాకైతే ఐదారేళ్లే. ఆ తర్వాత ఆ నిలబడటం మా అమ్మాయిది.

రెండో ఖర్చు నీళ్లు. దూరపు కొండలు నునుపంటారు. దగ్గరి కొండల మీద కురిసిన వానంతా ఉల్హాస్‌లోకే దిగుతుంది. 2005 జూలై 26 వరద ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 2019 జూలై 27న బద్లాపూర్, వాంగణి మధ్య మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ నీళ్లలో చిక్కుకుంటే, వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవలు తెచ్చి దించాల్సి వచ్చింది. కనుక కొనేవాళ్లు వంటింటి గట్టు రాయి రంగు తర్వాత చూసుకోవచ్చు. ఆ స్థలం వరద హద్దు గీతకు లోపల ఉందో వెలుపల ఉందో ముందు అడగాలి.

మూడో ఖర్చు ఏ బ్రోచరులోనూ ఉండదు, మా బ్యాంకు ఫారంలో దానికి గడి కూడా లేదు. అది మన మనుషులు.

మా తాత కరీంనగర్ వైపు నుంచి మగ్గం వదిలి ఇక్కడి మిల్లుకు వచ్చాడు. ఒంటరిగా రాలేదు. వెనకే బావమరుదులు, వాళ్ల వెనక ఊరివాళ్లు వచ్చారు. చాల్‌లో మా వరస గదులన్నీ తెలుగే మాట్లాడేవి. అందుకే కార్పొరేషన్ తెలుగు బడి నిండింది, అందులో నేనూ చదివాను. 1982 జనవరి 18న మిల్లు సమ్మె మొదలైంది. అది మమ్మల్ని చెదరగొట్టింది. కొందరు భివండీ మరమగ్గాలకు పోయారు, కొందరు స్వగ్రామానికి, మిగతావాళ్లు రైలు పట్టా పొడవునా ఎక్కడ చవకైతే అక్కడికి. బడికి పిల్లలు తగ్గారు. మనమేమో ఉగాది సభ పెట్టుకుని, మాతృభాష మీద ప్రేమ తగ్గిందని తల్లులను తిడతాం! ఆ తల్లులకు ప్రేమ తగ్గలేదు. పక్కగదిలో తెలుగు మాట్లాడే పిల్ల లేకుండా పోయింది. పిల్లలకు భాష వచ్చేది సభల్లో కాదు, వాకిట్లో.

అయితే నగరం వదలొద్దనే పెద్దలతోనూ నేను ఏకీభవించను. వాళ్లకు ఇక్కడ సొంత గది ఉంది. బ్యాంకు ఆఫీసరు జీతానికే పరేల్ అందదంటే, మగ్గం మీద, దుకాణంలో బతికేవాళ్లకు ఏం అందుతుంది? వెళ్లక తప్పదు. ఒక్కొక్కరుగా చాటుగా వెళ్లి, ఆరు నెలలకు గృహప్రవేశం కార్డుతో చెప్పడమే తప్పు.

సంఘానికి నా మనవి ఇది. ఇళ్లు కొనాలనుకునే వాళ్లందరినీ ఒక ఆదివారం కూర్చోబెట్టండి. స్టేషను ఏదో, వీధి ఏదో కలిసి తేల్చుకుందాం. పది ఇళ్లు ఒక్కసారి అడిగితే బిల్డరు ధర దించుతాడు, ఇది బేరం తెలిసిన ఎవరికైనా తెలుసు. పదిళ్లలో ఒక ఇంటి ముందుగది ఆదివారం పూట పిల్లల తెలుగుకు సరిపోతుంది. అప్పు కాగితాలు ఎవరివైనా నేను చూసి పెడతాను.

నేనింకా అడ్వాన్సు ఇవ్వలేదు. తొమ్మిది కుటుంబాలు తోడొస్తే ఇస్తాను. రాకపోతే పరేల్ అద్దె ఇంట్లోనే ఉంటాను. కొండను చూడాలనిపిస్తే ఆదివారం లోకల్ ఎక్కి వెళ్లి చూసొస్తాను.