అణుధార్మికత కాదు మహాప్రభో, వికిరణము!

మొన్న ఒక బంధువుల ఇంట భోజనానికి వెళ్ళాను. ఆ ఇంటి కోడలు మైక్రోవేవ్ పొయ్యి మీట నొక్కి, చంటివాణ్ణి చంకనెత్తుకొని వసారాలోకి పరుగెత్తింది. ఏమమ్మా అంటే, "అణుధార్మికత వస్తుంది కదా బాబాయిగారూ, దగ్గర ఉండకూడదట" అన్నది. లోపల తిరుగుతున్నదేమిటి? నిన్నటి గుత్తివంకాయ కూర, హోటలువారు ఇచ్చిన పలుచని ప్లాస్టిక్ డబ్బాతో సహా!

ఈ భయానికి నేను ఆమెను తప్పుపట్టను. 'రేడియేషన్' కనబడిన ప్రతిచోటా 'అణుధార్మికత' అని రాసిపారేసే అనువాదకులను తప్పుపడతాను. రేడియేషన్ అంటే వికిరణము. దీపపు వెలుగు వికిరణమే, కుంపటి సెగ వికిరణమే. అణుధార్మికత వేరు, అది యురేనియం వంటి పదార్థాల పరమాణు కేంద్రకాలు తమంత తాము విచ్ఛిన్నమయ్యే గుణం. ఈ రెంటికీ ఒకే పేరు పెట్టడం, వానపాముకూ త్రాచుపాముకూ చివర 'పాము' ఉన్నది గనుక రెండూ కరుస్తాయనడం వంటిది.

1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు రాడార్ల కొరకు చేసే మాగ్నెట్రాన్ వద్ద పనిచేస్తుండగా జేబులోని మిఠాయి కరిగిందని, అక్కడినుండే ఈ పొయ్యి పుట్టిందని ప్రసిద్ధి. ఇంటి పొయ్యిలోని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, అనగా జానెడులో సగం. పేరులో 'మైక్రో' ఉన్నంత మాత్రాన అదేమీ కంటికానని సూక్ష్మం కాదు! తలుపు జాలీ రంధ్రాలు అంతకన్న ఎంతో చిన్నవి గనుక వెలుగు బయటికి వస్తుంది, తరంగం రాదు. దాని ఒక్కొక్క కణపు శక్తి కంటికి కనిపించే వెలుగు కణపు శక్తిలో లక్షో వంతు కూడా లేదు; ఎక్స్‌రేలవలె అణువులను చీల్చలేదు. అన్నంలోని నీటిని వేడిచేస్తుంది, అంతే. మీట ఆపితే దీపమార్పినట్లే. కూరలో ఏదీ మిగిలి ఉండదు. తలుపు వంగినా, సరిగా పడకపోయినా మాత్రం వాడరాదు. ఆ భయం సకారణం.

అసలు భయపడవలసినవాటికి మనవారు భయపడరు. నూనె తేలే కూర నీటికన్న ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడికి పలుచని ప్లాస్టిక్ మెత్తబడి, అందులోని రసాయనాలు కూరలోకి దిగవచ్చు. గాజు గిన్నెలోకో పింగాణీ గిన్నెలోకో మార్చడానికి అరనిమిషం పట్టదు. (బంగారు అంచు పింగాణీ పెట్టి నిప్పురవ్వలు చూచి మురిసిన మహానుభావులూ ఉన్నారు!) పెంకుతో గుడ్డు పెడితే పేలుతుంది, బిగించిన మూత కూడా అంతే.

నా కుడిచేతి మీది మచ్చ సంగతి కూడా చెప్పాలి. నునుపైన గాజు కప్పులో నీళ్ళు కాచాను. బుడగ లేదు, కదలిక లేదు; ఇంకా కాగలేదనుకొని మరొక నిమిషం పెట్టాను. బయటికి తీసి కాఫీపొడి వేయగానే నీరంతా ఒక్కసారి పైకెగసి చేతిమీద పడింది. నునుపు పాత్రలో నీరు మరిగే స్థాయి దాటినా ఒక్కొక్కప్పుడు బుడగ పుట్టదు, కదిపినప్పుడు విరుచుకుపడుతుంది. ఎక్కువసేపు పెట్టకుండా, ముందే ఒక చెక్క చెంచా వేసి ఉంచి, ఆపాక కొంతసేపు ఆగి తీసి ఉంటే నాకా మచ్చ ఉండేది కాదు. ఏ పత్రికా ఈ మాట నాకు చెప్పలేదు. అణుధార్మికత గురించి మాత్రం కొల్లలుగా చెప్పింది!

భోజనాలయ్యాక ఆ కోడలు పాలసీసాను అదే పొయ్యిలో పెట్టబోయింది. వద్దన్నాను. ఆ వేడి అన్నిచోట్లా సమానంగా పడదు. సీసా చేతికి గోరువెచ్చగా తగిలినా నడుమ పాలు నాలుక కాల్చేంతగా ఉండవచ్చు. వేడినీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి, బాగా కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూచి పట్టించింది. వాడు సగం తాగి నిద్రపోయాడు.